ఎనభై నాలుగు రూపాయల చూపుడు వేలు

1924 జులై 1న బ్రిటిష్ ఇండియాలో ఒక చిన్న పట్టిక అమల్లోకి వచ్చింది. 1923లో చేసిన కార్మికుల నష్టపరిహార చట్టానికి అది మొదటి షెడ్యూలు. కుడి చెయ్యి మోచేతి దగ్గర గానీ ఆ పైన గానీ పోతే 70 శాతం, ఎడమ చెయ్యి అయితే 60. మోకాలి పైన కాలు పోతే 60, కింద పోతే 50. రెండు చెవుల వినికిడీ పోతే 50, ఒక కన్ను 30, బొటన వేలు 25, చూపుడు వేలు 10, మిగతా వేళ్ళలో ఏదైనా 5. పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైన వాడికి 42 నెలల జీతం గానీ 3,500 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. పట్టికలోని శాతాన్ని ఆ మొత్తం మీద కట్టాలి. నెలకు 20 రూపాయలు తెచ్చుకునే కూలీకి ఆ లెక్కన 840 రూపాయలు నూటికి నూరు. అతని కుడి చెయ్యి 588, ఎడమ చెయ్యి 504, చూపుడు వేలు 84. రెండు చేతులకూ మధ్య తేడా సరిగ్గా ఒక చూపుడు వేలి ఖరీదు. దీన్ని చూసి మనిషిని కసాయి కొట్టు తూకానికి పెట్టారని ఈసడించుకోవడం తేలికే. కానీ నూనె బావుల పని చరిత్రకు పక్కపక్కన ఉంచి చూస్తే ఈ పట్టికలో క్రూరత్వం కంటే కొత్తదనమే ఎక్కువ. నూరేళ్ళుగా గాయపడ్డ నూనె కార్మికుడికి అన్యాయం జరిగింది ‘ఎంత’ అన్న అంకె దగ్గర కాదు. ‘ఎవరిని అడగాలి, ఎవరు అడగాలి’ అన్న రెండు ప్రశ్నల దగ్గర.

పట్టికకు ముందు ఏముందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. అప్పటి ఇండియాలో నూనె అంటే ముఖ్యంగా బర్మా. 1937 దాకా అది మన దేశంలో భాగమే. ఐరావతి ఒడ్డున యెనాంగ్యాంగ్‌లో కంపెనీలు రాకముందే శతాబ్దాలుగా చేత్తో తవ్విన నూనె బావులు ఉండేవి. నడుముకు తాడు కట్టుకుని మనిషి లోపలికి దిగేవాడు. విషవాయువుల వల్ల కొద్ది నిమిషాలకు మించి అక్కడ నిలవలేడు, తాడు లాగగానే పైన ఉన్నవాళ్ళు చేదుకోవాలి. ఆ బావుల హక్కు కొన్ని వంశాలది. దిగినవాడు తిరిగి రాకపోతే ఆదుకునేది ఉంటే గింటే ఊరూ బంధుత్వమూ. 1886లో బర్మా ఆయిల్ కంపెనీ ఏర్పడి, యంత్రాలూ అమెరికన్ డ్రిల్లర్లూ దిగాక నూనె పెరిగింది, ప్రమాదమూ పెరిగింది. బంధుత్వం ఆనవాలు మాత్రం పోయింది. దాని స్థానంలో చట్టం ఇచ్చింది 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. పోయినవాడి కుటుంబం కోర్టుకెక్కి యజమాని తప్పు వల్లే చావు జరిగిందని రుజువు చెయ్యాలి. పైగా ఇంగ్లండు కోర్టులు 1837లో ఒక మాంసం వర్తకుడి బండి విరిగి పనివాడి తొడ విరిగిన కేసులో మొదలుపెట్టిన సూత్రం ఒకటి ఉంది. తోటి పనివాడి పొరపాటు వల్ల దెబ్బ తగిలితే యజమాని పూచీ పడడు. పనిలో చేరినవాడు ఆ అపాయాన్ని కూడా ఒప్పుకునే చేరాడని వాదన. ఒకరి చేతిలో ఒకరి ప్రాణం ఉండే పనికి ఇంతకంటే ఎదురు సూత్రం ఉండదు.

నూనె బావి దగ్గర పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే ఆ ఎదురు ఎంతటిదో తెలుస్తుంది. బావిలోకి దింపే ఒక్కో ఉక్కు గొట్టం సుమారు 30 అడుగులు. తవ్వే మొన అరిగినప్పుడల్లా బావిలో ఉన్న గొట్టాలన్నిటినీ పైకి లాగి, మరలు విప్పి, రిగ్గులో నిలువునా పేర్చి, మొన మార్చి మళ్ళీ ఒక్కొక్కటీ బిగిస్తూ దింపాలి. కింద వేలాడే బరువంతటినీ బావి మూతి దగ్గరి బల్ల మీది చీలల్లాంటి ఇనుప పళ్ళు పట్టి ఉంచుతాయి. మరలు విప్పడానికి టాంగ్స్ అనే పెద్ద పట్టకార్లను గొట్టానికి తగిలించి, ఇంజను బలంతో గొలుసునో తాడునో లాగుతారు. బురదతో జారే నేల మీద నలుగురు మనుషులు, ఒకడు పైన మంచె మీద, ఒకడు మీట దగ్గర. మీట దగ్గరివాడు అర క్షణం ముందుగా లాగితే పట్టకారు మీద చెయ్యి ఉన్నవాడి వేళ్ళు పోతాయి. ఇందులో తప్పు ఎవరిది? లాగినవాడిదా, చెయ్యి తియ్యనివాడిదా, రెండో షిఫ్టు కూడా చెయ్యమన్నవాడిదా, అరిగిన గొలుసు మార్చనివాడిదా? బావి పేలినప్పుడు పరిస్థితి ఇంకా అధ్వాన్నం. సాక్ష్యం చెప్పగలిగిన మనుషులూ పరికరాలూ మొదట కాలిపోయేవే. తప్పు రుజువైతేనే సొమ్ము అనే చట్టం ఇలాంటి పనిలో సొమ్ము లేదు అనే చట్టంతో సమానం.

1897లో బ్రిటన్ చేసిన, 1923లో ఇండియాకు వచ్చిన చట్టం ఈ ముడిని విప్పలేదు, కోసేసింది. పని వల్ల, పని చేస్తుండగా ప్రమాదం జరిగితే చాలు. తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. తాగి ఉండటం, కావాలని భద్రతా ఆజ్ఞను మీరడం, రక్షణ పరికరాన్ని తీసేయడం లాంటి కొన్ని మినహాయింపులు పెట్టారు. ఇందుకు బదులుగా మొత్తానికి ఒక హద్దు గీశారు. చావుకు 30 నెలల జీతం గానీ 2,500 రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది. పది రోజుల లోపు మానిపోయే గాయానికి ఏమీ లేదు (1933లో అది ఏడు రోజులకు, 1959లో మూడు రోజులకు తగ్గింది). అనుమానంతో కూడిన పెద్ద మొత్తాన్ని వదులుకుని, ఖాయమైన చిన్న మొత్తాన్ని పుచ్చుకోవడం ఈ బేరం సారాంశం. పట్టికలోని శాతాలు ఆ బేరానికి రాసుకున్న పద్దు. నా వాదనంతా ఈ ‘ఖాయం’ అన్న మాట మీదే. చిన్న మొత్తం ఖాయంగా చేతికి రాకపోతే కార్మికుడు ఆ బేరంలో రెండు వైపులా నష్టపోయినట్టే.

ఖాయం కాకుండా పోయిన మొదటి చోటు మధ్యవర్తి. ఇక్కడ తెలుగువాడి కథ సూటిగా కలుస్తుంది. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి పని కోసం బర్మా వెళ్ళడాన్ని మన వైపు ‘రంగం పోవడం’ అనేవారు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడ ఎక్కేవారు. అక్కడివాళ్ళు వీళ్ళను కోరంగీలన్నారు, కాకినాడ పక్కనున్న పాత రేవు కోరంగి పేరు మీద. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షకు పైబడి ఉన్నారు. రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులే. రేవులో మూటలు, బియ్యం మిల్లులు, కర్మాగారాలు, నదికి అవతల సిరియంలో యెనాంగ్యాంగ్ నూనెను గొట్టపు మార్గం ద్వారా తెచ్చి శుద్ధి చేసే రిఫైనరీ: ఇవన్నీ భారతీయ కూలీల మీద నడిచాయి. కూలీని కుదిర్చేది మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చేదీ, ఓడ ఖర్చు పెట్టేదీ, జట్టు కట్టేదీ, కూలి డబ్బు కంపెనీ నుంచి పుచ్చుకుని అప్పు కోసుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ అతనే. కంపెనీ దస్తరంలో మేస్త్రీ పేరుంటుంది, కూలీ ఒక లెక్క. చెయ్యి విరిగిన కూలీ ‘నా యజమాని ఎవరు’ అని అడిగితే కంపెనీ మేస్త్రీని చూపిస్తుంది, మేస్త్రీ దగ్గర ఉండేది అప్పుల చిట్టా.

చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలియదనుకుంటే పొరపాటు. 12వ సెక్షన్ అక్షరాలా దీనికోసమే. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు ఇచ్చిన అసలు యజమాని, కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే సొంత మనిషికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలి. తరవాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం అతని తలనొప్పి. 9వ సెక్షన్ ఇంకా ముందుచూపుతో రాసింది. పరిహారం సొమ్మును ఎవరూ జప్తు చెయ్యకూడదు, తాకట్టు పెట్టించుకోకూడదు, ఏ బాకీ కిందా కోసుకోకూడదు. అంటే మేస్త్రీ బయానా దాన్ని ముట్టుకోలేదు. 17వ సెక్షన్ హక్కు వదులుకుంటూ రాసిచ్చిన కాగితం చెల్లదంది. చావు పరిహారాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇవ్వకూడదు, కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి, ఎవరి వాటా ఎంతో ఆయన తేల్చి పంచాలి. ఈ నాలుగింటినీ కలిపి చదివితే మేస్త్రీ వ్యవస్థ ఆనుపానులన్నీ ఎరిగిన మనిషి ఎవరో కూర్చుని రాసినట్టుంటుంది. కాబట్టి లోపం చట్టం చూపులో లేదు.

లోపం అడుగులో ఉంది. ఇంత రాసిన చట్టం, ఇదంతా కార్మికుడు అడిగితేనే అంది. ప్రమాదం సంగతి యజమానికి వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలి, మొదట్లో ఆరు నెలల లోపు కమిషనర్ దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. రంగంలో చెయ్యి పోయి బారువ రేవులో దిగినవాడికి, కొడుకు పోయాడన్న కబురు నెలల తరవాత విన్న తల్లికి, ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయో ఊహించడం కష్టం కాదు. 1929లో వేసిన విట్లీ కమిషన్ కార్మిక పరిస్థితుల మీద 1931లో నివేదిక ఇచ్చాక, 1933లో ఈ చట్టానికి సవరణ వచ్చింది. దాంతో చేరిన 10ఏ సెక్షన్ చరిత్రలో తగినంత గుర్తింపు పొందని వాక్యాల్లో ఒకటి. పనిలో ఒకడు చనిపోయాడని కమిషనర్‌కు ఏ దారిన తెలిసినా, ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా, ఆయనే యజమానికి నోటీసు పంపవచ్చు. యజమాని 30 రోజుల్లో చావు ఎలా జరిగిందో, తనకు పూచీ ఉందో లేదో చెప్పాలి. ఉందంటే సొమ్ము జమ చెయ్యాలి, లేదంటే కారణం రాయాలి. చట్టం మొదటిసారి లేచి నడిచింది ఇక్కడే. కానీ చనిపోయినవాడి ఇంటికే నడిచింది. వేళ్ళు పోయినవాడు, కన్ను పోయినవాడు, నడుం విరిగినవాడు తన కాళ్ళ మీద, కాళ్ళుంటే, చట్టం దగ్గరికి రావలసిందే. తీవ్ర గాయాల సంగతి కూడా అధికారులకు తెలపాలన్న నిబంధన తరవాత వచ్చింది గానీ, ‘ఇస్తావా, ఎందుకివ్వవు’ అని యజమానిని నిలదీసే ఆ నోటీసు మాత్రం బతికి ఉన్నవాడి తరఫున ఇప్పటికీ లేదు.

అడగలేనివాడి తరఫున సంఘం అడగాలి. నూనె పొలాల్లో సంఘం కట్టడం ఎంత ఖరీదైన పనో 1938, 1939 చెప్పాయి. బర్మాలో 1938లో మొదలైన నూనె కార్మికుల సమ్మె, ఆ ఏడాది చివర బయలుదేరి వందల మైళ్ళు నడిచి రంగూన్ చేరిన ఊరేగింపుగా మారింది. 1939 ఏప్రిల్‌లో అస్సాంలోని దిగ్బోయ్‌లో, 1901లో రిఫైనరీ వెలిసిన ఊళ్ళో, సమ్మె కార్మికుల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తరవాత యుద్ధం. 1942లో జపాను సేన చేతికి చిక్కకూడదని బ్రిటిషువాళ్ళే సిరియం రిఫైనరీని, యెనాంగ్యాంగ్ బావులను ధ్వంసం చేశారు. రంగం పోయినవాళ్ళు లక్షల మందితో కలిసి అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. మేస్త్రీ చిట్టాలు కూడా ఆ దారిలోనే పోయాయని సంతోషించవచ్చు గానీ, మేస్త్రీ పోలేదు. పేరు మార్చుకుని కాంట్రాక్టరయ్యాడు.

స్వతంత్ర భారతం నూనె పనిని ప్రభుత్వ రంగంలోకి తెచ్చింది. 1956లో ఓఎన్జీసీ వచ్చింది. 1952 గనుల చట్టం నూనె బావిని కూడా గనిగానే లెక్కించింది. ఈఎస్ఐ చట్టం గనులకు వర్తించలేదు కనుక బావుల దగ్గర పనిచేసేవాడికి, ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న ఆసుపత్రీ పింఛనూ ఆ దారిన లేకపోయాయి. దిక్కు 1923 చట్టమే అయింది. ఆ చట్టాన్ని పదును పెట్టింది మన పొరుగునే పుట్టిన కేసు. ఒడిశా జయపురంలో ఒక సినిమా హాలులో చెక్కపని చేస్తూ 1968 జులైలో పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది పాక్షిక నష్టమే అన్నాడు యజమాని. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు అన్నాడు కమిషనర్, 1975లో సుప్రీంకోర్టు ఔనంది. అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి చెప్పింది: పరిహారం బాకీ పడేది కమిషనర్ తీర్పు ఇచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే. అంటే యజమాని ఎదురు చూడకూడదు, ఆలస్యానికి వడ్డీ, జరిమానా కట్టాలి. చట్టం మనసులో ఉన్నది ఇదే. రిగ్గు మీద పట్టకారు జారిన క్షణంలోనే అప్పు పుట్టింది. అప్పు ఉన్నవాడు ఇంటికొచ్చి తీర్చాలి గానీ, అప్పిచ్చినవాడు గుమ్మాలు తొక్కడం ఏమిటి?

ఇక్కడ అభ్యంతరాలు రావాలి, వచ్చేవి తేలికవి కావు. మొదటిది, ఇప్పుడు ఎవరూ షెడ్యూలు కోసం ఎదురు చూడరని, ప్రభుత్వాలూ కంపెనీలూ ఎక్స్‌గ్రేషియా పేరుతో చట్టం కంటే ఎక్కువ, వెంటనే ఇస్తున్నాయని. కోనసీమ ఇందుకు ఉదాహరణే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ఊరివాళ్ళు చనిపోయారు. నగరం మృతుల కుటుంబాలకు కంపెనీ, కేంద్రం, రాష్ట్రం కలిసి 25 లక్షలు ప్రకటించాయి. అదే ఏడాది ముప్పై ఏళ్ళ కార్మికుడు పనిలో చనిపోతే చట్టం లెక్క చూడండి. అతను నెలకు 20,000 తెచ్చుకున్నా లెక్కలోకి తీసుకునే జీతానికి 8,000 హద్దు. అందులో సగాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 207.98తో హెచ్చిస్తే 8,31,920 రూపాయలు. దాతృత్వం హక్కుకు మూడు రెట్లు. అయితే హక్కు ఎందుకు అన్న ప్రశ్న సహేతుకంగానే వినిపిస్తుంది. జవాబు కెమెరాలో ఉంది. ఎక్స్‌గ్రేషియా అంటేనే దయ. దయకు చూసేవాళ్ళు కావాలి. ఇరవై శవాలు ఒక ఊళ్ళో పడినప్పుడు దేశమంతా చూస్తుంది. అర్ధరాత్రి రిగ్గు మీద ఒకడి రెండు వేళ్ళు పోతే చూసేది షిఫ్టు ఇన్‌ఛార్జి ఒక్కడే. ఘోర ప్రమాదానికి దయ ఉదారంగా ఉందన్నది, రోజువారీ గాయానికి హక్కు అక్కర్లేదనడానికి సాక్ష్యం కాదు. ఆ 8,000 జీతం హద్దు సిగ్గుచేటన్నది నిజం. దాన్ని పెంచాలనడం హక్కును పెంచాలనడమే.

రెండో అభ్యంతరం అమెరికా వైపు నుంచి వస్తుంది. 1901లో స్పిండిల్‌టాప్ బావి ఎగజిమ్మిన టెక్సస్‌లో 1913 నుంచి పరిహార పథకం ఉంది గానీ, ప్రైవేటు యజమాని అందులో చేరకుండా ఉండొచ్చు. చేరకపోతే కార్మికుడు నేరుగా దావా వెయ్యొచ్చు, తోటివాడి తప్పు లాంటి పాత సాకులు యజమానికి పనికిరావు. గెలిస్తే వచ్చేది మన షెడ్యూలు కలలో కూడా చూడని మొత్తం. అలాంటి దావాల భయమే కంపెనీలను జాగ్రత్తగా ఉంచుతుందని వాదన. భయం పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ గెలిచిన ఒకడి పక్కన ఓడినవాళ్ళూ, దావా దాకా రాలేనివాళ్ళూ ఉంటారు. మన చట్టం కూడా దావా దారిని మూయలేదు. రెంటిలో ఒకటి ఎంచుకోమంది, అంతే. పోలిక కోసం అమెరికా కంటే ఉత్తర సముద్రం మెరుగు. 1988 జులై 6న పైపర్ ఆల్ఫా నూనె వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. ఎక్కువమంది కాంట్రాక్టర్ల మనుషులే. వేదిక నడిపిన కంపెనీ వైపు నుంచి కుటుంబాలకు ముందు సొమ్ము ముట్టింది. ఆ సొమ్ము చివరికి ఎవరు భరించాలన్న తగవు కంపెనీకీ కాంట్రాక్టర్లకూ మధ్య 2002లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా సాగింది. పద్నాలుగేళ్ళు పెద్దవాళ్ళు వాదించుకున్నారు, అన్నేళ్ళూ వితంతువులు ఆ తీర్పు కోసం ఆగనక్కర్లేకపోయింది. మన 12వ సెక్షన్ చెప్పిందీ ఇదే వరస: ముందు చెల్లింపు, తరవాత తగవు.

మూడోది కంపెనీల మాట. కాంట్రాక్టరు ఎవరిని తెచ్చాడో, వాళ్ళలో ఎవరికి ఏమైందో అసలు యజమానికి ఎలా తెలుస్తుంది, అడక్కుండానే ఇవ్వమంటే మోసాలు పెరగవా అని. వేరే పనుల్లో ఈ మాటకు బరువుండొచ్చు, నూనె పనిలో లేదు. రిగ్గు గేటు దాటాలంటే పేరు రాయాలి. గ్యాసున్న చోట మరమ్మతుకు ముందు కంపెనీ అధికారి సంతకంతో పర్మిట్ కావాలి. తీవ్ర గాయమైతే గనుల భద్రతా అధికారులకు నోటీసు పోవాలి. అగ్గిపెట్టె జేబులో ఉందో లేదో తెలిసినవాళ్ళకు చెయ్యి పోయిందో లేదో తెలియదంటే నమ్మేదెవరు? 2021 మేలో తౌక్టే తుపానుకు ముంబయి తీరాన మునిగిన పీ-305 బార్జి మీద 261 మంది ఉన్నారు, 70 మందికి పైగా చనిపోయారు. బార్జి ఒకరిది, కాంట్రాక్టు ఒకరిది, పని ఓఎన్జీసీది. తుపాను వస్తోందని తెలిసీ ఎందుకు ఉండిపోయారన్న ప్రశ్నకు ముగ్గురి మధ్యా జవాబు వెతుక్కోవలసి వచ్చింది. తప్పు తేల్చడానికి ఆ వెతుకులాట అవసరమే, పరిహారానికి అనవసరం. ఆ రెంటినీ విడదీయడానికే గదా తప్పుతో పనిలేని చట్టం పుట్టింది.

నిజం చెప్పాలంటే చట్టం కదలకుండా ఏమీ లేదు. దరఖాస్తు గడువు రెండేళ్ళయింది. 2009 సవరణ ‘వర్క్‌మెన్’ను ‘ఎంప్లాయీ’గా మార్చి, చావుకు కనీసం 1,20,000 అంది. 2017లో చేరిన 17ఏ సెక్షన్, పనిలో చేర్చుకునేటప్పుడే పరిహారం హక్కును కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాసి తెలియజేయాలని, లేకపోతే 50,000 నుంచి లక్ష దాకా జరిమానా అని చెప్పింది. 2020లో జీతం హద్దు 15,000 అయింది. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి ఈ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. కొత్త షెడ్యూలులో చూపుడు వేలు మొత్తంగా పోతే 14 శాతం. ముప్పై ఏళ్ళ మనిషికి లెక్క కడితే దాదాపు 2,62,000 రూపాయలు. 84 నుంచి ఇక్కడికి రావడం, రూపాయి విలువ తరిగిపోవడాన్ని తీసేసినా, చిన్న సంగతి కాదు.

కానీ ఆ సొమ్ము చేతికందే దారి అలాగే ఉంది. కోరంగి పేరు మోసుకుని నూనె దేశానికి వలస పోయిన జిల్లాల తీరానికే ఇప్పుడు నూనె వచ్చింది. నూనె, గ్యాసు తీసే రవ్వ, గాడిమొగ, ఓడలరేవు ఆ పాత రేవుకు చుట్టుపక్కలవే. ఓడ ఎక్కే పని లేదు, సముద్రం అడ్డు లేదు, కమిషనర్ కార్యాలయానికి బస్సుంది. అయినా కాంట్రాక్టు కార్మికుడికి వేలు పోతే మొదట చూడాల్సింది కాంట్రాక్టరు ముఖమే. చనిపోయినవాడి కోసం 1933లో రాసిన ఆ నోటీసును బతికి ఉన్నవాడికీ పంపమనడం పెద్ద కోరిక కాదు. గాయం సంగతి గనుల అధికారికి చేరిన రోజునే ఒక ప్రతి కమిషనర్‌కు వెళ్ళాలి. 30 రోజుల్లో అసలు యజమాని సొమ్ము జమ చెయ్యాలి, లేదా ఎందుకు చెయ్యడో రాసివ్వాలి. ఇందుకు కావలసిన కాగితాలన్నీ ఇప్పటికే ఏదో ఒక బల్ల మీద ఉన్నాయి. ఒక బల్ల మీది కాగితం ఇంకో బల్ల మీదికి రావాలి, కట్టు కట్టిన చెయ్యి దాన్ని మోసుకు రానక్కర్లేకుండా.